‘ప్రభువు చిత్తమైతే’ అన్న మాట చాటున

మొన్న ఫోన్‌లో పాత ఫోటోలు తీసేస్తుండగా ఒక వాచ్‌నైట్ ఆరాధనలో, అంటే డిసెంబరు 31 రాత్రి చర్చిలో కొత్త సంవత్సరం కోసం చేసే ఆరాధనలో, నేను రాసి ఇచ్చిన ప్రార్థన మనవుల చీటీ కంటపడింది. పళ్లెంలో వేసే ముందు ఎందుకు ఫోటో తీసుకున్నానో గుర్తు లేదు. పైన ‘ఈ సంవత్సరం దేవునికి ఇష్టంగా జీవించాలి’ అని శీర్షికలా రాసి, కింద నాలుగు వరుసలు రాశాను: స్థలం రిజిస్ట్రేషన్ పూర్తి కావాలి, పాపకు మెడిసిన్ సీటు రావాలి, నాకు ప్రమోషన్ వచ్చి ఊరికి దగ్గరగా బదిలీ కావాలి, ఇంట్లో అందరూ ఆరోగ్యంగా ఉండాలి. ఆ శీర్షికకూ ఈ నాలుగు వరుసలకూ సంబంధమేమిటో ఎంతసేపు చూసినా నాకు అంతుపట్టలేదు. వాటిలో నేను చేయవలసిన పని ఒక్కటీ లేదు, అన్నీ దేవుడు చేసిపెట్టవలసినవే. ఆయనను సంతోషపెట్టాలని మొదలుపెట్టి, ఆయన నన్ను సంతోషపెట్టవలసిన పద్దు రాసి ఇచ్చి వచ్చానన్నమాట.

కొత్త ఏడాదికి దేవుని మాటగా ఒక్కో బైబిలు వచనం అచ్చువేసి ఆ రాత్రి పళ్లెంలో పెడితే మనం తీసుకునే వాగ్దాన కార్డుల సంగతీ ఇంతే. కార్డు మీద హెచ్చరిక లాంటి వచనం వస్తే ఎవరూ చూడకుండా దాన్ని పళ్లెంలో పెట్టేసి మరొకటి తీసుకునేవాళ్లను నేను చూశాను, ఒకసారి నేనూ ఆ పని చేశాను. కార్డుల మీద అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం, మీకు మేలు చేయాలన్నదే నా ఉద్దేశమని దేవుడు చెప్పిన మాట. దానికి ముందున్న పదో వచనాన్ని అచ్చువేసిన కార్డు మాత్రం నాకింతవరకు తగల్లేదు, ఎందుకంటే ఆ మేలు జరిగేది డెబ్బది సంవత్సరాల తరువాతేనని అందులో ఉంది. బబులోనుకు చెరగా పోయినవారికి యిర్మీయా రాసిన ఉత్తరం అది. అంతకుముందు అధ్యాయంలోనే హనన్యా అనే ప్రవక్త దేవుని పేరు చెప్పి రెండేళ్లలో అంతా చక్కబడుతుందని జనానికి మాట ఇచ్చాడు, యిర్మీయా దాన్ని అబద్ధమన్నాడు. రెండేళ్ల ఆశ పెట్టుకున్నవారికి ఆ ఉత్తరం చెప్పింది ఇళ్లు కట్టుకొమ్మని, తోటలు నాటుకొమ్మని, పిల్లలకు పెళ్లిళ్లు చేయమని, తమను చెరపట్టిన ఆ పట్టణ క్షేమం కోసమే ప్రార్థించమని. మనం ఆ ఉత్తరంలోని వచనాన్ని తీసుకుని హనన్యా గడువును దానికి అంటించి ‘నా 2026 లక్ష్యం’ అని స్టేటస్ పెట్టుకుంటున్నామని నా ఆరోపణ.

దీనికి విరుగుడుగా, అసలు లక్ష్యాలే పెట్టుకోకూడదని, అది విశ్వాసం లేనివారి పని అని చెప్పేవారు మన సంఘాల్లో తక్కువేమీ కాదు. రేపటి గురించి చింతించవద్దన్న మాటను వారు లెక్కాపత్రం వద్దన్న మాటగా మార్చేశారు. నాకు ఈ విషయంలో బైబిల్లోని నెహెమ్యా, పారసీక రాజుకు పానపాత్ర అందించే యూదుడు, ఎంతో ఇష్టం. యెరూషలేము గోడలు కూలి ఉన్నాయని కిస్లేవు నెలలో విన్న ఆ మనిషి రాజు ముందు నోరు తెరిచింది నీసాను నెలలో, అంటే సుమారు నాలుగు నెలలు ఏడ్చి, ఉపవాసముండి, ప్రార్థించిన తరువాత. అయితే రాజు ఎన్నాళ్లు పడుతుందని అడిగితే ఆయన నీళ్లు నమల్లేదు. గడువు చెప్పాడు, దారిలోని అధికారులకు ఉత్తరాలు అడిగాడు, రాజుగారి అడవిని కాసే ఆసాపు పేరు చెప్పి మరీ మ్రానులు అడిగాడు. ఆ నాలుగు నెలల్లో మోకాళ్ల మీద ఉంటూనే కలప అంచనా వేసుకున్నాడని నాకనిపిస్తుంది. 52 దినాల్లో గోడ పూర్తయింది. మన బిల్డింగ్ కమిటీలకు ఈ కథ చదివి వినిపించాలని నాకు చాలాకాలంగా కోరిక.

అపొస్తలుడైన పౌలు సంగతి వేరు. స్పెయినుకు వెళ్తూ దారిలో మిమ్మల్ని చూస్తానని రోమావారికి రాసిన మనిషి చివరికి రోమాలో అడుగుపెట్టింది ఖైదీగా. పథకం తారుమారైనందుకు ఆయన దేవునికి తన మీద ఇష్టం పోయిందనుకోలేదు, ఎందుకంటే ప్రభువుకు ఇష్టులమై ఉండాలన్నదే తన గురి అని కొరింథీయులకు ముందే రాసి ఉన్నాడు. ఆ గురి స్పెయినులోనైనా, సంకెళ్లలోనైనా ఒకటే.

మనం అలా కాదు. నాకు టీచరు ఉద్యోగం వచ్చిన ఆదివారం సంఘంలో నిలబడి, ‘నేను నమ్మకంగా అడిగాను, ఆయన ఇచ్చాడు’ అని సాక్ష్యం చెప్పాను. నాతో ఒకే గదిలో ఉండి, ఒకే గైడును చెరి సగం డబ్బులు పెట్టి కొనుక్కుని చదివిన తమ్ముడొకడు మూడో వరుసలో కూర్చుని ఉన్నాడు. అతనికి రాలేదు. ఆరాధన అయ్యాక నా చెయ్యి పట్టుకుని, ‘అయితే అన్నా, నా విషయంలో ఆయనకు ఇష్టం లేదంటావా?’ అని అడిగాడు. నేను నవ్వి ఏదో వచనం చెప్పి తప్పించుకున్నాను. ఆంధ్రప్రదేశ్ టీచరు ఉద్యోగాల 2025 మెగా డీఎస్సీనే చూడండి, 16,347 పోస్టులకు మూడు లక్షల మందికి పైగా పోటీ పడ్డారు. రానివారిలో మోకాళ్లూనినవారు ఎందరో ఉంటారు కదా. ఉద్యోగం వచ్చినందుకు కృతజ్ఞత చెప్పడం తప్పని నేననను, కానీ ఫలితాన్ని దేవుని మెప్పుకు కొలబద్దగా చేసి వేదిక మీద చెప్పడం పక్కవాడి విశ్వాసానికి తగిలే దెబ్బ అని ఆ రోజు నాకు తట్టలేదు.

అన్నిటికన్నా నన్ను సిగ్గుపరిచింది చీటీలోని రెండో వరుస. పాపను డాక్టరుగా ప్రతిష్ఠించామని మేము బంధువులందరికీ చెప్పుకున్నాం, అడిగినవారికి, కొడుకు పుట్టకముందే వాణ్ని దేవునికి మొక్కుకున్న హన్నా, ఆ కొడుకు సమూయేలుల కథ చెప్పాం, నీట్ లాంగ్ టర్మ్ కోచింగుకు అప్పు చేశాం. అడగనిది పాపను ఒక్కదాన్నే. రెండో ఏడాది హాస్టలుకు పెట్టె సర్దుతుంటే తను తల ఎత్తకుండానే, ‘నాన్నా, ఆ మాట దేవుడు మీకే ఎందుకు చెప్పాడు, నాకెందుకు చెప్పలేదు?’ అంది. తల్లిదండ్రులకు లోబడాలన్న వచనం నా నాలుక చివరిదాకా వచ్చింది. నా పరువు కోసం పెట్టుకున్న లక్ష్యానికి దేవుని సంతకం నేనే చేశానని అప్పుడు తెలిసింది. పెట్టె విప్పేశాం. ఇప్పుడు తను బీఎస్సీ చదువుతోంది, బంధువులకు ఏం చెప్పాలో మాత్రం మాకింకా తెలియడం లేదు.

ఈసారి చీటీ వేరుగా రాశాను. ప్రతి వరుసలోనూ కర్త నేనే కావాలని నియమం పెట్టుకున్నాను. నా తరగతిలో ఇంకా కూడబలుక్కుని చదువుతున్న ఆరుగురు పిల్లలను రోజూ బడి వదిలాక అరగంట కూర్చోబెట్టుకోవాలి. ఇంట్లో కోపంగా మాట్లాడిన రోజు పడుకునే ముందు క్షమాపణ అడగాలి. స్థలం కూడా జాబితాలో ఉంది, నేనేమీ సన్యాసిని కాను, కానీ దాని పక్కన వచనం రాయలేదు, నెలకు ఎంత దాచగలనో రాశాను. దానికన్నా పైన, నా సొంత తమ్ముడికి ఆరేళ్లుగా బాకీ ఉన్న 40,000 రూపాయలు జూన్‌లోగా తీర్చాలని రాశాను. ఆ ఆరేళ్లలో నేను కృతజ్ఞత కానుక కవరు ఇవ్వని సంవత్సరం లేదు, ఆ కవరు మీద నా పేరు రాయడం మరిచిన సంవత్సరమూ లేదు.

జనవరి జీతంలోంచి మొదటి విడతగా ఎనిమిది వేలు పంపాను. పది నిమిషాలకు వాడు కంగారుగా ఫోన్ చేసి, ‘ఏమైంది అన్నయ్యా, ఒంట్లో బాగానే ఉందా?’ అని అడిగాడు.