‘ఏ ప్లస్’ బటన్ పెడితే చాలదా?

నెల్లూరు ట్రంక్ రోడ్డులో ఒక కొట్టు. చీరలు, ఉదయగిరి చెక్క గరిటెలు ఆన్‌లైన్‌లో కూడా అమ్ముతారు. చూపు మందగించినవాళ్ల కోసం సైటులో ఏం చెయ్యాలన్నది తగువు. అక్షరాలు పెంచే ‘ఏ ప్లస్’ బటనొకటి (బయట కొని సైటుకి తగిలించే ప్లగిన్), వాట్సాప్ నంబరొకటి పెడితే సరిపోతుందంటాడు యజమాని. ఉన్న సైటునే సరిచెయ్యాలంటుంది దాన్ని చూసుకునే డెవలపర్. వాదించే ఇద్దరూ కల్పితం, వాళ్లు చెప్పే కొలతలు మాత్రం కావు.

యజమాని: అసలు కనపడనివాళ్లకి ఫోనే చదివి వినిపిస్తది. కాస్త కనపడేవాళ్లు రెండు వేళ్లతో లాగి పెద్దది చేసుకుంటారు. మధ్యలో మనం చేసేదేముంది అమ్మాయ్?

డెవలపర్: లాగితే పెద్దది కావాలి కదా బాబాయ్. మన సైట్లో కాదు. థీమ్, అంటే సైటు రూపం, తయారుచేసినవాళ్లు పేజీ తెరలో ఎట్టా పట్టాలో చెప్పే వ్యూపోర్ట్ లైన్లో ‘యూజర్ స్కేలబుల్ నో’, ‘మ్యాక్సిమమ్ స్కేల్ 1’ అని రాసిపెట్టారు. ఐఫోన్ సఫారీ 2016లో వచ్చిన ఐఓఎస్ 10 నుంచీ ఆ మాట పట్టించుకోదు. ఆండ్రాయిడ్ క్రోమ్ పట్టించుకుంటది, సెట్టింగుల్లోకి పోయి జూమ్‌ని బలవంతంగా ఆన్ చేసుకుంటే తప్ప. ఆ సెట్టింగు ఒకటుందని ఎంతమందికి తెలుసు?

యజమాని: సరే, ఆ రెండు ముక్కలూ చెరిపెయ్. అయిపోయిందిగా?

డెవలపర్: ఈడే మొదలు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ‘లో విజన్’ అంటే, అద్దాలు పెట్టుకున్నా మెరుగైన కంటి చూపు 6/18కి (మామూలు కన్ను 18 మీటర్ల నుంచి చూసేది 6 మీటర్లకి వస్తేగాని కనపడకపోవడం) మించకుండా 3/60 దాకా ఉండటం. లేదంటే చూపు వెడల్పు 40 డిగ్రీల లోపుకి, 10 డిగ్రీల దాకా కుంచించుకుపోవడం. మొదటి రకం వాళ్లకి అక్షరం పెరగాలి. రెండో రకం, కంటి నరం దెబ్బతినే గ్లకోమా ముదిరినవాళ్ల లాంటివాళ్లకి, ఊరికే పెంచితే ఒక్క చూపులో పట్టేది ఇంకా తగ్గిపోద్ది. మీ ప్లగిన్ ఇద్దరి చేతా ఒకటే బటన్ నొక్కిస్తది.

యజమాని: ఒక్క లైను కోడు అతికిస్తే సైటంతా అంతర్జాతీయ ప్రమాణానికి వచ్చేస్తుందని ప్లగిన్ అమ్మేవాడు చెప్పాడే.

డెవలపర్: అట్టాంటి మాటే చెప్పినందుకు యాక్సెసిబీ అనే కంపెనీ పది లక్షల డాలర్లు కట్టాలని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో ప్రకటించింది. పైగా ఈ బటన్ కుడివైపు కింది మూలలో ఉంటది. విండోస్ మ్యాగ్నిఫైయర్‌తో నాలుగు రెట్లు పెంచుకున్న మనిషికి తెరలో పదహారో వంతే ఒకసారికి కనపడేది. ఆ మూల ఆయన చూసే ముక్కలో ఉండనే ఉండదు. అయినా ఆయన ఫోన్లోనో బ్రౌజర్లోనో తనకి కుదిరినట్టు ఏర్పాటు ముందే చేసుకుని ఉంటాడు. మనం ఆ ఏర్పాటుకి అడ్డం పడకుండా ఉంటే చాలు.

యజమాని: అడ్డం ఏం పడ్డాం?

డెవలపర్: లెక్క చూపిస్తా. 1280 బై 720 ల్యాప్‌టాప్ తెర. కంట్రోల్, ప్లస్ నొక్కుతూ 400 శాతానికి పోతే పేజీకి మిగిలేది 320 బై 180 పిక్సెళ్లు. బ్రౌజర్ సొంత పట్టీలు తీసేస్తే ఇంకా తక్కువ. మన పైపట్టీ కదలకుండా నిలబడేది, 80 పిక్సెళ్లు. కింద ‘ఇప్పుడే కొనండి’ పట్టీ 60. నడుమ మిగిలింది 40. తెలుగు వాక్యం రెండు వరుసలు కూడా పట్టదు. మనిషి చీర వివరం చదవాలంటే తలుపు సందులోంచి తొంగిచూసినట్టే.

యజమాని: ఆ పట్టీలు తియ్యమంటే తియ్యను. కొనే బటన్ ఎప్పుడూ కళ్లముందు ఉండబట్టే బేరం తెగేది.

డెవలపర్: తియ్యొద్దు. తెర ఎత్తు 400 పిక్సెళ్లకి తగ్గితే పట్టీలు అతుక్కుని నిలబడటం (స్టిక్కీ) మానేసి పేజీతో పాటు జరిగిపోయేట్టు ఒక మీడియా క్వెరీ, అంటే తెర కొలతని బట్టి పనిచేసే షరతు, రాస్తా. మామూలు తెర మీద మీకు తేడా కనపడదు. అట్నే 320 వెడల్పులో అడ్డంగా జరపాల్సిన అవసరం లేకుండా అంతా ఒకే నిలువు వరుసగా కిందికి దిగాలి. వెబ్ అందుబాటు ప్రమాణాల్లో (WCAG) 2018 నాటి 2.1 వెర్షన్ నుంచీ ఉన్న నియమం ఇది. ప్రతి వరుసకీ కుడికి పోయి మళ్లీ ఎడమకి రావాలంటే ఎవరికైనా ఓపిక ఉండదు.

యజమాని: నీ లెక్కలన్నీ కంప్యూటర్ మీద. ఇప్పటిదాకా ఒక్కరన్నా ఫిర్యాదు చేశారా?

డెవలపర్: ఫిర్యాదు చెయ్యరు, రిటర్న్ చేస్తారు. ‘కార్ట్‌లో వెయ్యి’ నొక్కితే పైన కుడి మూలలో ఆకుపచ్చ చీటీ మూడు సెకన్లు కనిపించి మాయమైపోద్ది. పెద్దది చేసుకుని చూసేవాళ్ల కన్ను బటన్ దగ్గరే ఉంటది. ఏమీ జరగలేదనుకుని మళ్లీ నొక్కుతారు, ఇంకోసారి నొక్కుతారు. బిల్లులో అదే చీర మూడు.

యజమాని: (కాస్త ఆగి) ఒకే చీర మూడేసి తెప్పించుకుని రెండు తిప్పి పంపడం... ఉంది. కొంటెతనం అనుకున్నాం.

డెవలపర్: మాట బటన్ మీదే మారాలి. ‘కార్ట్‌లో వెయ్యి’ అన్నది ‘కార్ట్‌లో ఉంది: 1’ అయి అట్నే నిలబడాలి. అదే మాటని పక్కన స్టేటస్ రోల్ (మార్పుని చదివి వినిపించమని చెప్పే గుర్తు) ఉన్న చోట కూడా పెడితే ఫోన్ చేత చదివించుకునేవాళ్లకీ వినపడద్ది.

(ఈ ఒక్క మార్పుకి ఎదురు వాదన ఆయన దగ్గర దొరకలేదు. రంగుల దగ్గర మాత్రం గట్టిగానే నిలబడ్డాడు.)

యజమాని: రంగులు ముట్టుకోవద్దు. ఆరెంజ్ మన కొట్టు బోర్డు రంగు, సంచి రంగు. నలుపు తెలుపు చేస్తే సైటు సర్కారు ఫారంలాగా ఉంటది.

డెవలపర్: ఆరెంజ్ ఉంచండి, దాని మీద తెల్ల అక్షరం తియ్యండి. మామూలు అక్షరానికి, వెనక రంగుకి మధ్య కాంట్రాస్ట్, అంటే వెలుతురు తేడా, 4.5కి 1 ఉండాలి, పెద్ద అక్షరానికి 3. కోడులో ‘ఆరెంజ్’ అని రాసే రంగు మీద తెలుపు 2కి కూడా రాదు. అదే ఆరెంజ్ మీద నల్లక్షరం 10 దాటుద్ది. ధర పక్కన కొట్టేసిన ఎమ్మార్పీ, డెలివరీ తేదీ తెలుపు మీద, కోడులో 999999 అని రాసే బూడిద రంగులో ఉన్నాయి. లెక్క 2.85. 777777 కూడా 4.48 దగ్గర ఆగిపోద్ది, 767676కి పోతే 4.54. కంటికి తేడా తెలీనంత దగ్గర, అందుకే కళ్లతో అంచనా వెయ్యకుండా కాంట్రాస్ట్ చెకర్‌లో పెట్టి చూడాలి.

యజమాని: మరి శుక్లాలు ఉన్నవాళ్లకి తెల్ల తెర కళ్లలోకి కొడతదే! నువ్వేమో ఇంకా నలుపు తెలుపు పెంచుతానంటివి.

డెవలపర్: అది నిజం. ఒంట్లో రంగు పదార్థం తక్కువగా పుట్టే అల్బినిజం ఉన్నవాళ్లకీ అంతే. అందరికీ కుదిరే ఒకే రంగు లేదు. ఫోన్ డార్క్ మోడ్‌లో ఉంటే సైటు కూడా దాన్నే అనుసరించాలి. ఇప్పుడు అట్టా పెడితే నల్ల పీఎన్‌జీ ఐకాన్లు (రంగు మారని బొమ్మలు) నల్ల తెరలో కలిసిపోతాయి, లోగో చుట్టూ తెల్ల డబ్బా పడద్ది. ఐకాన్లు గీతలుగా గీసే ఎస్‌వీజీలోకి మార్చి, పేజీ కోడులోనే పెట్టి వాటికి ‘కరెంట్‌కలర్’ ఇస్తే అక్షరం రంగే వాటికీ వస్తది.

యజమాని: తెలుగక్షరం సంగతేంది? పెంచితే వత్తులు తెగిపోతున్నాయని నువ్వే అంటివి.

డెవలపర్: థీమ్ ఇంగ్లీషుకి కొలిచి కుట్టింది. వరుస ఎత్తు 1.2 పెట్టి, కార్డు ఎత్తు పిక్సెళ్లలో బిగించి, మించింది దాచెయ్యమన్నారు. ఇంగ్లీషుకి సరిపోద్ది. మనకి ‘ష్ట్ర’ లాంటి దాంట్లో కింది వత్తు తెగి అక్షరమే మారిపోద్ది. వరుస ఎత్తు 1.6కి పెంచి, కార్డు ఎత్తు వదిలెయ్యాలి, అక్షరం సైజు రెమ్‌లో, అంటే చూసేవాళ్లు పెట్టుకున్న సైజుని బట్టి మారే కొలతలో, రాయాలి. ఆ లెక్కన తెలుగు సైట్లకి ఈ పని ఇంకా ఎక్కువుంది.

యజమాని: చీర బొమ్మ చూసి కొనేది. బొమ్మే సరిగా కనపడనప్పుడు ఇదంతా దేనికి?

డెవలపర్: బొమ్మ 600 పిక్సెళ్లది పెట్టి, పెంచితే మసకబారిందంటే ఎట్టా? నొక్కితే 2000 పిక్సెళ్ల బొమ్మ తెరుచుకోవాలి, జరీ అంచు దగ్గరగా తీసిన ఫొటో వేరే ఉండాలి.

యజమాని: ఉదయగిరి కొండ పక్కన సిగ్నల్‌కి అంత బొమ్మ దిగేసరికి తెల్లారద్ది.

డెవలపర్: ముందు చిన్నదే దిగుద్ది. పెద్దది అడిగినవాళ్లకే. రంగు గుండ్రాల కింద పేర్లు రాయండి: ‘ముదురు ఆకుపచ్చ, మెరూన్ అంచు’. పొడవు, జాకెట్ ముక్క, ఉతికే పద్ధతి ఇప్పుడు బొమ్మ మీద ముద్రేసి ఉన్నాయి. అది అక్షరంగా రావాలి. గరిటెకైతే కాడ ఎన్ని అంగుళాలో చెప్పాలి, పక్కన వేరే గరిటె పెట్టి తీసిన ఫొటో చాలదు.

యజమాని: ఆ రాసే పని నాది, ఒప్పుకుంటా. చట్టం పేరు మాత్రం చెప్పి భయపెట్టొద్దు. అదంతా సర్కారు సైట్లకి.

డెవలపర్: ఆ 2016 చట్టం 46వ సెక్షన్ సేవలిచ్చేవాళ్ల గురించి ‘ప్రభుత్వమైనా ప్రైవేటైనా’ అనే అంటది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు కేవైసీ కేసులో డిజిటల్ అందుబాటు 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పింది. రేపే మనకి నోటీసు వస్తదని నేననను.

యజమాని: వాట్సాప్ నంబరు పెడతానంటే దానికీ అడ్డం చెప్తావా?

డెవలపర్: పెట్టండి, పైన అందరికీ కనపడేట్టు. చీర రంగు అడిగి తెలుసుకోవడానికి మనిషిని మించింది లేదు. కానీ కొనాలంటే అదే దారి అంటే రాత్రి పది దాటాక కొట్టు మూసేసినట్టే, అడ్రసు ఇంకొకరికి చెప్పి రాయించుకోవాల్సిందే. అడ్రసు ఫారం చూడండి: గడి లోపల లేత బూడిదలో ‘పిన్‌కోడ్’ అని ఉంటది, టైపు మొదలుపెట్టగానే పోతది. తప్పైతే గడి చుట్టూ ఎర్ర గీత, మాట లేదు. పేరు గడి పైన నిలవాలి, కిందే ‘పిన్‌కోడ్ 6 అంకెలు ఉండాలి, మీరు 5 రాశారు’ అని రావాలి. 524001లో ఒక సున్నా ఎగిరిపోతే అది దొరకబట్టడం మంచి కళ్లకే కష్టం.

యజమాని: వంకర అక్షరాల క్యాప్చా?

డెవలపర్: తీసేద్దాం, ఓటీపీ చాలు. ఓటీపీ గడిలో పేస్ట్ చెయ్యనివ్వాలి, ఫోన్ తనంతట తను నింపితే ఆపకూడదు. టైమ్ అయిపోయే ముందు ‘ఇంకాస్త కావాలా’ అని అడగాలి, జవాబుకి కనీసం 20 సెకన్లు. అయిపోయినా కార్ట్ ఖాళీ కాకూడదు.

యజమాని: డబ్బు కట్టే పేజీ మనది కాదు కదా. ఆడ టైమర్ డబ్బు తీసుకుని మనకి పంపే గేట్‌వే కంపెనీ వాళ్లది.

డెవలపర్: అది మన చేతిలో లేదు. అందుకే క్యాష్ ఆన్ డెలివరీ తియ్యొద్దంటున్నా. గేట్‌వే వాళ్లకి మీ పేరుతో మెయిలు పెడతా.

యజమాని: పెట్టు. ఏం రాస్తావ్?

డెవలపర్: ఏ ఫోను, ఏ బ్రౌజరు, ఎన్ని శాతం జూమ్, ఏ బటన్ తెర బయటికి పోయింది, స్క్రీన్‌షాట్‌తో సహా. ‘పేజీ సరిగా కనపడట్లేదు’ అని ఒక్క ముక్క రాస్తే టికెట్ మూసేసి గమ్మునుంటారు.