ధరావతు తీసేయండి, సంతకాలు అడగండి

జూబ్లీహిల్స్ ఉప ఎన్నికలో 58 మంది నిలబడితే మూడో స్థానంలో ఉన్న బీజేపీకి కూడా డిపాజిట్ దక్కలేదు. ‘డిపాజిట్ గల్లంతు’ అనగానే మనకు పరువు పోవడమే గుర్తొస్తుంది. చట్టానికి మాత్రం పరువుతో పని లేదు, అది చూసేది చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటాయా లేదా అన్నదే. ఆ లెక్కే కాదు, పోటీకి ముందే డబ్బు కట్టించే ఈ ధరావతు (డిపాజిట్) పద్ధతే అసలు ఇక అక్కర్లేదు.

1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 34వ సెక్షన్ ప్రకారం లోక్‌సభకు 25,000, అసెంబ్లీకి 10,000 రూపాయలు కట్టాలి. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం. నగదైతే రిటర్నింగ్ అధికారికే ఇవ్వాలి, లేదంటే ట్రెజరీ చలానా చూపాలి. చెక్కు చెల్లదు. ఒకే నియోజకవర్గంలో నాలుగు సెట్ల నామినేషన్లు వేసినా డిపాజిట్ ఒకటే. నామినేషన్ తిరస్కరించినా, ఉపసంహరించుకున్నా డబ్బు వాపసు వస్తుంది. బరిలో ఉండి ఓడినవారికి మాత్రం చెల్లిన ఓట్లలో ఆరో వంతుకు మించి రావాలి. చెల్లినవి 1,80,000 అయితే సరిగ్గా 30,000 వచ్చినా డబ్బు పోయినట్టే, 30,001 వస్తే దక్కుతుంది. నోటా ఓట్లు ఈ మొత్తంలోకి రావు.

అదే చట్టం 158వ సెక్షన్‌లో ఎవరూ పట్టించుకోని మాట ఇంకొకటి ఉంది. సాధారణ ఎన్నికల్లో రెండు అసెంబ్లీ స్థానాల్లో పోటీ చేసినవారు రెండూ గెలిచినా తిరిగొచ్చేది ఒక్క డిపాజిట్టే. 2023లో గజ్వేల్, కామారెడ్డిల్లో నిలిచిన కేసీఆర్‌కూ, కొడంగల్, కామారెడ్డిల్లో నిలిచిన రేవంత్‌రెడ్డికీ ఇదే నిబంధన. దాన్ని ఎవరైనా పరువు తక్కువ అన్నారా?

బ్రిటన్ 1918లో ఈ పద్ధతి తెచ్చింది. అప్పట్లో 150 పౌండ్లు కట్టి, ఎనిమిదో వంతు ఓట్లు తెచ్చుకోవాలి. 1985లో ఆ గీతను 5 శాతానికి దించేసింది. మనం ఇంకా 16.67 శాతం దగ్గరే ఉన్నాం. ఇద్దరు బలవంతులు చెరో 42 శాతం పంచుకుంటే మూడోవాడు మిగిలినదంతా ఊడ్చుకున్నా 16 శాతమే, డిపాజిట్ రాదు. అతన్ని ఉత్తుత్తి అభ్యర్థి అనడం ఏం న్యాయం?

అసలు ‘ఉత్తుత్తి అభ్యర్థులు’ అని మనం ఎవరిని అన్నాం? 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానంలో 480 మంది బరిలో నిలిచారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన జిల్లా తన గోడు ఢిల్లీకి వినిపించడానికి ఎంచుకున్న దారి అది. అన్ని పేర్లతో బ్యాలెట్ అచ్చువేయలేక ఎన్నికనే వాయిదా వేశారు. మరి పార్లమెంటు ఏం చేసింది? అదే ఏడాది లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10,000కు, ఒక్కసారిగా ఇరవై రెట్లు పెంచింది. స్వతంత్రుల నామినేషన్‌పై పది మంది ఓటర్లు ప్రతిపాదకులుగా సంతకం చేయాలన్న షరతూ పెట్టింది. 2009 నాటి సవరణతో డిపాజిట్ 25,000 అయింది. అయినా 2019లో నిజామాబాద్‌లో 170 మందికి పైగా రైతులు పసుపు బోర్డు కోసం, మద్దతు ధర కోసం తలా పాతిక వేలు కట్టి నిలబడ్డారు. మొత్తం 185 మంది అభ్యర్థుల కోసం ఈవీఎంలో ఒక్కో కంట్రోల్ యూనిట్‌కు, ఓటు మీటలుండే బ్యాలెట్ యూనిట్లు 12 తగిలించాల్సి వచ్చింది. డిపాజిట్లు పోయాయి. పసుపు బోర్డు 2025 జనవరిలో ఆ నిజామాబాద్‌లోనే మొదలైంది. వాళ్ల కన్నా గట్టిగా ఎన్నికను నమ్మినవాళ్లు ఎవరున్నారు?

డిపాజిట్ లేకపోతే ఒకే పేరున్న డమ్మీలు, ఓట్లు చీల్చేవాళ్లు గుంపులుగా దిగుతారని కొందరి భయం. ఆ భయంలో నిజం ఉంది. కానీ డమ్మీకి డబ్బు కట్టేది వెనకున్న ఆసామి. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు, అందులో డిపాజిట్ నూటికి పావలా. డబ్బున్నవాడిని ఆపలేని ఆ అడ్డు కూలి మీద బతికే మనిషిని మాత్రం గుమ్మం దగ్గరే ఆపేస్తోంది. పోటీ చేసే హక్కుకు ధర కట్టిన చోట చట్టసభల్లోకి కాంట్రాక్టర్లు, రియల్టర్లు కాక ఇంకెవరొస్తారు?

సంతకాలు అడగండి. అసెంబ్లీకి ఆ నియోజకవర్గ ఓటర్లవే 500, లోక్‌సభకు దాని కిందున్న ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లలోనూ 300 చొప్పున. ప్రతిపాదకుల జాబితా పార్ట్ నంబరు, ఓటరు జాబితాలోని వరుస సంఖ్యను ఇప్పటికే సరిచూస్తున్నారు. పది మందిలో ఒక్కరి పేరు జాబితాలో లేకపోయినా స్వతంత్రుడి నామినేషన్ చెల్లదు. కాబట్టి కొన్ని సంతకాలు చెల్లకపోయినా నామినేషన్ పోకుండా పది శాతం అదనపు సంతకాలు తీసుకోవాలి. ఒక ఓటరు ఒక్క అభ్యర్థికే సంతకం చేయాలి, ఇద్దరికి చేస్తే మొదట దాఖలైనదే లెక్క. పరిశీలనకు ఇప్పుడున్న ఒక్క రోజు చాలదు, మూడు రోజులు ఇవ్వాలి.