పాత ఫైబర్ చానెల్ కార్డు కొనేవాళ్ళకీ అమ్మేవాళ్ళకీ

విజయవాడ, గుంటూరుల్లో పాత సర్వర్ సామాను అమ్మేవాళ్ళకి ఓ దండం. రెండు ఎస్‌ఎఫ్‌పీ పోర్టులు (ఫైబర్ కేబుల్ మాడ్యూల్ గుచ్చే సందులు) కనబడితే చాలు, "టెన్ జీ నెట్‌వర్క్ కార్డు సార్, తీసుకెళ్ళండి" అంటారు. క్యూలాజిక్ క్యూఎల్‌ఈ2562, ఎమ్యులెక్స్ ఎల్‌పీఈ12002 నెట్‌వర్క్ కార్డులు కావు మహానుభావా! అవి 8 గిగాబిట్ ఫైబర్ చానెల్ హెచ్‌బీఏలు, అంటే సర్వర్‌ని స్టోరేజ్‌కి కలిపే కార్డులు. ఈథర్నెట్ స్విచ్‌కి తగిలిస్తే లింకు లైటు కూడా వెలగదు.

తేడా పట్టుకోవడానికి స్టిక్కర్ చూస్తే చాలు. అంకెలూ అక్షరాలూ కలిపి 12 ఉంటే మ్యాక్ అడ్రస్, అంటే ఈథర్నెట్. 16 ఉంటే డబ్ల్యూడబ్ల్యూఎన్ (వరల్డ్ వైడ్ నేమ్), అంటే ఫైబర్ చానెల్. క్యూలాజిక్ పోర్టులవి సాధారణంగా 21తో, ఎమ్యులెక్స్‌వి 10తో మొదలవుతాయి. రెండు రకాలూ ఉంటే సీఎన్ఏ (రెండు పనులూ చేసే కార్డు), దాని గొడవ వేరు.

తెలిసే కొనేవాళ్ళు దెబ్బ తినేది స్పీడు దగ్గర. ఫైబర్ చానెల్ తన కింద రెండు తరాలతోనే మాట్లాడుతుంది. 16 గిగాబిట్ ఆప్టిక్ (ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూల్) 8కీ 4కీ దిగుతుంది, 2కి దిగదు. 32 గిగాబిట్ ఆప్టిక్ 8 దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి చవగ్గా వచ్చిందని 4 గిగాబిట్ కార్డు కొని 32 గిగాబిట్ ఆప్టిక్ ఉన్న కొత్త స్విచ్‌కి పెడితే లింకు రాదు. నన్నడిగితే ఆ 4 గిగాబిట్‌వి ఊరికే ఇచ్చినా వద్దు.

8 గిగాబిట్ కార్డుకి పాత బ్రొకేడ్ కంపెనీ ఫైబర్ చానెల్ స్విచ్‌తో ఇంకో తంటా ఉంది. లింకు వస్తుంది, లన్‌లు (స్టోరేజ్ ఇచ్చే డిస్కు భాగాలు) కనిపిస్తాయి, లోడ్ పడగానే పోర్టు తడబడుతుంది. అందరూ కేబుల్ మారుస్తారు. ముందు పోర్టు స్టాట్స్‌లో ఈఆర్-బ్యాడ్-ఓఎస్ అనే కౌంటర్ చూడండి. అది పరుగెడుతుంటే తప్పు కేబుల్‌ది కాదు, ఫిల్‌వర్డ్‌ది, అంటే డేటా లేనప్పుడు లింకులో పంపే సంకేతానిది. 4 గిగాబిట్ దాకా ఖాళీ సమయంలో ఐడిల్ పంపేవారు, 8కి వచ్చేసరికి ఏఆర్‌బీ-ఎఫ్‌ఎఫ్ వచ్చింది. ఆ పోర్టుకి ఫిల్‌వర్డ్ మోడ్ 3 పెట్టండి. మార్చేటప్పుడు పోర్టు పడి లేస్తుంది, ఆఫీసు వేళల్లో చేయకండి.

లినక్స్‌లో క్యూలాజిక్ కార్డు ఎల్‌ఎస్‌పీసీఐ జాబితాలో కనబడి పోర్టు లేవకపోతే డీమెసేజ్ (కెర్నెల్ లాగ్) చదవండి. చాలాసార్లు ఫర్మ్‌వేర్ ఇమేజ్ దొరకలేదని ఉంటుంది. డెబియన్‌లో ఫర్మ్‌వేర్-క్యూలాజిక్ ప్యాకేజీ వేసి రీబూట్ చేస్తే సరి. వీఎంవేర్ ఈఎస్ఎక్స్ఐ, రెడ్‌హ్యాట్ అయితే కొత్త వెర్షన్లలో పాత కార్డులకి సపోర్టు తీసేస్తూ వస్తున్నారు, డబ్బు కట్టకముందే తీసేసిన జాబితా చూసుకోండి.

కార్డు గుచ్చే పీసీఐఈ స్లాట్ పొడుగు చూసి మోసపోకండి. ఎక్స్8 (8 లేన్ల) సైజులో ఉన్నా లోపల ఎక్స్4 వైరింగే ఉండొచ్చు. పీసీఐఈ 1.0 ఎక్స్4లో వచ్చేది సెకనుకి 1 జీబీ, రెండు 8 గిగాబిట్ పోర్టులకి కావాల్సింది 1.6.

ఇక మన ఎండలు. ఈ కార్డుల హీట్‌సింక్ సర్వర్ ఫ్యాన్ల గాలిని నమ్ముకుని చేసింది. టవర్ క్యాబినెట్‌లో పెట్టి మే నెలలో ఏసీ ఆపేస్తే ఎర్రర్లు రాక ఏం చేస్తాయి? పక్కనే ఓ ఫ్యాన్ బిగించండి. మిర్చి యార్డు చుట్టుపక్కల ఆఫీసుల్లోనైతే దుమ్ము మామూలుగా ఉండదు. ఫైబర్ కేబుల్ చివరి ఎల్‌సీ కనెక్టర్‌ని చొక్కా అంచుతో తుడవకండి, క్లీనర్ పెన్ను వాడండి, ఖాళీ పోర్టుకి రబ్బరు మూత పెట్టండి.

బేరం ఆడేటప్పుడు ఎస్‌ఎఫ్‌పీలు కార్డులోనే ఉన్నాయో లేదో చూడండి, పీకేసి విడిగా అమ్ముతున్నారు. ఈథర్నెట్ ఎస్‌ఎఫ్‌పీ గుచ్చితే చాలాసార్లు కార్డు ఒప్పుకోదు. 2యూ (రెండు ర్యాక్ యూనిట్ల ఎత్తు) సర్వర్ రైజర్‌లో (కార్డు గుచ్చే అదనపు బోర్డులో) చాలాచోట్ల పొట్టి బ్రాకెట్ కావాలి, అది లేకపోతే ధర తగ్గించమనండి.