ప్యూరిఫైర్ల కంటే ముందే పుట్టిన దుమ్ము లెక్క

"పీఎం 2.5 అంతా ఎయిర్ ప్యూరిఫైర్ కంపెనీలు పుట్టించిన భయం. మన ఓరుగల్లు కాలుష్య నగరాల లిస్టులోనే లేదు. దుమ్ము ముక్కులోనే ఆగిపోతుంది, మన తాతలు దుమ్ములోనే తొంభై ఏళ్లు బతికారు. ఒక్క వాన పడితే గాలి కడిగినట్టే. మరీ భయమైతే కర్చీఫ్ కట్టుకోండి. పది మందికి పంపండి."

ఈ మెసేజ్ హన్మకొండలోని మా కాలనీ గ్రూపులో మొదలై, మా బావ దాకా వెళ్లి, ఆయన దగ్గర్నుంచి మళ్లీ నాకే వచ్చింది. ఫోన్లో వాదిస్తే బావ మాట మార్చేస్తాడు, అందుకే రాసి పెడుతున్నాను.

పీఎం 2.5 అంటే గాలిలో తేలే, 2.5 మైక్రాన్లకు మించని సన్న కణాలు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ముందు కంపెనీల సంగతి. గాలిలోని కంటికి కనపడని దుమ్మును లెక్కపెట్టడం 1880లలోనే మొదలైంది. జాన్ ఐట్కెన్ అనే స్కాట్లాండ్ శాస్త్రవేత్త తడి గాలిని ఒక పెట్టెలో బంధించి, పంపుతో ఒక్కసారిగా వ్యాకోచింపజేసేవాడు. గాలి చల్లబడి ప్రతి దుమ్ము కణం చుట్టూ ఒక నీటి చుక్క కట్టేది. ఆ చుక్కలు గీతలు గీసిన గాజు పలక మీద పడితే భూతద్దంతో లెక్కపెట్టేవాడు. కణం లేనిదే చుక్క కట్టదని ఆయన చూపించాడు. చలికాలం పొద్దున్నే భద్రకాళి చెరువు మీద కనిపించే మంచు తెర కూడా ఇలాగే కడుతుంది. పొగ ఎక్కువున్న చోట ఆ తెర ఇంకా చిక్కబడుతుంది.

ఆ కణాలు మనిషిని ఏం చేస్తాయో తేల్చడానికి మరో వందేళ్లు పట్టింది. అమెరికాలో డగ్లస్ డాకరీ బృందం ఆరు నగరాల్లో ఎనిమిది వేల మందికి పైగా పెద్దవాళ్లను 14 నుంచి 16 ఏళ్లు గమనించి, 1993లో ఫలితం ప్రకటించింది. సిగరెట్ అలవాటు లాంటివన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా, గాలి బాగా చెడిన నగరంలో మరణాల రేటు అన్నిటికంటే శుభ్రమైన నగరం కంటే 26 శాతం ఎక్కువగా తేలింది. సన్న కణాలతోనే దానికి గట్టి సంబంధం కనిపించింది. ఈ కథలో కంపెనీలు లేకపోలేదు, కానీ అవతలి పక్షాన ఉన్నాయి. 1997లో అమెరికా ప్రభుత్వం పీఎం 2.5కు హద్దు పెట్టగానే పరిశ్రమలవాళ్లు ఆ లెక్కలే తప్పన్నారు. డేటా మొత్తం మళ్లీ పరీక్షించే పని ఒక స్వతంత్ర సంస్థకు అప్పగించారు. దానికి వచ్చే డబ్బులో దాదాపు సగం వాహన కంపెనీలదే. అయినా 2000లో అదే ఫలితం వచ్చింది. భయం అమ్ముకునేవాళ్ల పని ఇలా ఉండదు బావా.

ఇక ముక్కు. ఇక్కడ మెసేజ్ సగం నిజమే చెప్పింది. గ్రానైట్ లారీ వెనక లేచే దుమ్ములో లావు రేణువులను ముక్కు, గొంతు చాలావరకు ఆపుతాయి. మన వెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యో వంతు ఉండే కణం మాత్రం ఊపిరితిత్తుల్లోని గాలి తిత్తుల దాకా పోతుంది. నేను గుర్తుపెట్టుకున్న గుర్తు ఇది: నలిగితే పుట్టేది ఎక్కువగా లావు, కాలితే పుట్టేది ఎక్కువగా సన్నం. బొగ్గు, డీజిల్, చెత్తకుప్పకు పెట్టిన నిప్పు, కోతలయ్యాక పొలంలో తగలబెట్టే వరి కొయ్యకాళ్లు అన్నీ రెండో రకమే. రామగుండం, భూపాలపల్లిలాంటి చోట్ల థర్మల్ చిమ్నీల్లోంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ కూడా గాలిలో పోతూ పోతూ సన్న కణాలుగా మారుతుంది. వాటికి జిల్లా సరిహద్దులు తెలియవు.

తాతల సంగతి సరే, నాయనమ్మల మాటేమిటి? మా నాయనమ్మ ఊదుగొట్టం పట్టుకుని పత్తి కట్టె పొయ్యి ముందు ఒక జీవితం గడిపింది. ఆమె దగ్గును మేమంతా "పొగ దగ్గు" అనుకుని వదిలేశాం. 1980ల మొదట్లోనే కిర్క్ స్మిత్ అనే అమెరికన్ శాస్త్రవేత్త గుజరాత్ పల్లెల్లో, వంట చేసే ఆడవాళ్లు పీల్చే పొగను కొలిచాడు. కాలుష్యం అంటే ఫ్యాక్టరీ గొట్టం ఒక్కటే అనుకునే రోజులవి.

లిస్టు మాటకొస్తే, గాలి చెడిన నగరాలను బాగుచేయడానికి 2019లో మొదలైన కేంద్ర పథకంలో మన రాష్ట్రం నుంచి హైదరాబాద్, నల్లగొండ, పటాన్‌చెరు లాంటివి ఉన్నాయి, వరంగల్ లేదు, నిజమే. కానీ మన దేశంలో పీఎం 2.5 ఏడాది సగటుకు పెట్టిన హద్దు ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 5. ఫెయిలైనవాళ్ల లిస్టులో పేరు లేనంత మాత్రాన క్లాస్ ఫస్ట్ అయిపోరు కదా.

వాన లావు దుమ్మును బాగానే దించుతుంది. మైక్రాన్‌కు లోపు ఉన్నవి చాలావరకు చినుకు పక్కనుంచి గాలితోపాటు జారిపోతాయి.

కర్చీఫ్ సంగతి ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే హమాలీలను అడగాలి. ముఖానికి కండువా చుట్టుకుంటారు, అయినా తుమ్ముతూనే ఉంటారు. సన్న కణాలకు ఎన్95 మాస్క్ పనికొస్తుంది. అది కూడా ముక్కు పక్కన సందు లేకుండా అతుక్కుని ఉంటేనే, గడ్డం కిందికి లాక్కుంటే కాదు.