మా క్లయింట్ల చేతిలో పడ్డ ఎడిటర్ గారికి

ఎడిటర్ గారికి,

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర, జిరాక్స్ షాపు మీది గదిలో వెబ్‌సైట్లు చేసుకుని బతికే మనిషి రాస్తున్నది. ఉభయకుశలోపరి అందామంటే, మనిద్దరిలో కుశలంగా ఉన్నది మీరొక్కరే.

పత్రిక ఎడిటర్ అనుకునేరు, మీరు వెబ్‌సైట్‌లో క్లయింట్లే మ్యాటర్ కొట్టుకునే పెట్టె. మిమ్మల్ని ఏరికోరి తెచ్చుకున్నది నేనే. నెత్తిన రెండు వరసల బటన్లు, పదిహేను ఫాంట్లు, ఒక రంగుల డబ్బా. మిర్యాలగూడ రైస్‌మిల్లు సేటుకు చూపించి, ‘ఇక నాకు ఫోన్ చేసే పనే లేదు సేటూ, వర్డ్‌లో కొట్టినట్టే కొట్టుకోండి’ అన్నాను. ఆయన మాట పట్టుకుంటే వదిలే మనిషి కాదు. నిజంగానే వర్డ్‌లో కొట్టి, తెచ్చి మీలో అతికించాడు. ‘సన్న బియ్యం కొత్త ధర’ అని నాలుగు ముక్కలు. వెనక కోడ్ తెరిస్తే వాటి చుట్టూ ‘ఎంఎస్‌ఓ నార్మల్’ అంటూ వర్డ్ తగిలించి పంపిన అరపేజీ కోడ్ బలగం. పెళ్లికొడుకు ఒక్కడు, బరాత్‌లో వెయ్యిమంది. మీరు కిమ్మనకుండా అందరికీ విస్తళ్లు వేశారు.

జూనియర్ కాలేజీ కరస్పాండెంట్ గారిది ఇంకో తీరు. అడ్మిషన్ల మ్యాటర్ పేజ్‌మేకర్ కాలం నాటి ఫాంట్‌లో డీటీపీ చేయించి తెచ్చారు. మీలో వేయగానే ఇంగ్లిష్ అక్షరాలు, డాలర్ గుర్తులు, కొక్కేలు. ‘దీనికి తెలుగు రాదా?’ అన్నారు. దానికి తెలుగే వచ్చు సార్, డీటీపీ ఆయన కొట్టిందే తెలుగు కాదు అని ఎట్లా చెప్పను? ఆ పాత ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల గూళ్లలో తెలుగు బొమ్మలు పెట్టి నడిపినవి. ఫాంట్ తీసేస్తే గూట్లో ఉన్న అసలు మనిషి బయటపడతాడు. ప్రతి భాష అక్షరానికీ సొంత నంబరిచ్చే యూనికోడ్ 1991లో మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు సొంతిల్లు కట్టింది. మా గల్లీ డీటీపీ షాపు మాత్రం ఇంకా కిరాయి ఇంట్లోనే ఉంది.

పోచంపల్లి చీరల ఆయన ఎనిమిది ఎంబీ ఫొటో ఎక్కించి, మూల పట్టుకుని తపాలా బిళ్లంత చేశాడు. పేజీ తెరుచుకోవడానికి అంతే సేపు. ‘చిన్నగ చేసిన కదా!’ అంటాడు. చీర మడత పెడితే బరువు తగ్గదని ఆయనకు నేను చెప్పాలా?

మీ మీద కోపంతో వేరేవాళ్లనూ చూశాను, దాచడమెందుకు. వెబ్‌సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్ 5.0తో 2018 డిసెంబరులో వచ్చిన గుటెన్‌బర్గ్ అనే ఎడిటర్‌లో ప్రతి పేరా ఒక దిమ్మె. మా చీరలాయన దిమ్మెలు పేర్చలేక అడ్రస్‌నే డిలీట్ చేశాడు. గుర్తులతోనే అక్షరాల తీరు మార్చే 2004 నాటి రాత పద్ధతి మార్క్‌డౌన్ అయితే బటన్ల గొడవే లేదు, చుక్కలు (*) పెడితే చాలు. ‘వాట్సాప్‌లో పెడతం గదా’ అని కరస్పాండెంట్ గారు హుషారుగా అటొకటి ఇటొకటి పెట్టారు. వాట్సాప్‌లో ఒక్క చుక్కకే అక్షరం లావవుతుంది, మార్క్‌డౌన్‌లో రెండుండాలి. ఒకటే పెడితే వంకర తిరుగుతుంది. కాలేజీ పేరు గాలివానకు ఒరిగిన వరిచేనులా పడుకుంది.

చివరికి మీ దగ్గరికే వచ్చి, మీ బటన్లు పీకేశాను. బోల్డు, లింకు, లిస్టు, ఉపశీర్షిక, ఫొటో, ఈ ఐదే మిగిల్చాను. ఏది అతికించినా రంగూ రూపూ కడిగేసి, ఉత్త అక్షరాలే లోపలికి రానిస్తున్నాను. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

పొద్దున ఆరున్నరకు సేటు ఫోన్. ‘తమ్మీ, ఎర్ర రంగు ఏడ వోయింది?’

‘తీసేసిన సేటూ. సైట్ అంత ఒక్క తీరుగ ఉండాలని.’

‘మరి ధర మారిందని జనానికి ఎట్ల తెలుస్తది?’

నా దగ్గర జవాబు లేదు. ఒకే ఒక్క ఎర్ర బటన్ తిరిగి పెట్టి, దానికి ‘ముఖ్య గమనిక’ అని పేరు పెట్టాను. ఇప్పుడు మిల్లు సైట్‌లో హోమ్ పేజీ ముఖ్య గమనిక, ధరల పట్టిక ముఖ్య గమనిక, కింద ఫోన్ నంబరూ ముఖ్య గమనికే.

ఇట్లు,
మీ పాస్‌వర్డులు రీసెట్ చేసేవాడు