చక్కగా పాడితే చాలదా?

(పిన్ని చాలా ఏళ్లు కర్ణాటక సంగీతం నేర్పింది. సుమ ప్రదర్శన కళ చదువుతోంది. 1960లో అమెరికా నల్లజాతి కళాకారులు, డ్రమ్మర్ మ్యాక్స్ రోచ్, గాయని అబీ లింకన్ రికార్డు చేసిన 'ట్రిప్టిక్'ని సుమ వినిపించింది. డ్రమ్స్, గొంతు తప్ప ఇంకేమీ లేవు. మాటల్లేవు. ప్రార్థన, నిరసన, శాంతి అని మూడు భాగాలు. మధ్య భాగమంతా అరుపే.)

పిన్ని: ఆపవే బాబూ! అంత మంచి గొంతు పెట్టుకుని ఈ అరుపులేంటి? నల్లజాతి ఆడవాళ్ల బతుకు బ్లూస్ పాటల గాయని బెస్సీ స్మిత్ 1920ల్లోనే పాడేసింది. మగాళ్ల మోసం, తాగుడు, పేదరికం, అన్నీ. రికార్డులు లక్షల్లో అమ్ముడుపోయాయి.

సుమ: ఆ మంచి గొంతే అసలు గొడవ పిన్నీ. 1956లో అబీ లింకన్‌ని ఓ సినిమాలో పాడిస్తూ, మార్లిన్ మన్రో వేసుకున్న గౌనే తొడిగారు. చూడ్డానికి బావుండాలి, వినడానికి తియ్యగా ఉండాలి, అంతే. ఆ గౌనుని తర్వాత తనే తగలబెట్టేసింది.

పిన్ని: భేష్. కానీ ఈ అరుపు కట్టింది ఎవరు? మ్యాక్స్ రోచ్. మగాడు కూర్చితే ఆడది అరిచింది. ఇందులో ఆవిడ సొంతం ఏముంది?

సుమ: కూర్చింది ఆయనే, కాదనను. మాట పడింది మాత్రం ఆవిడ. 1961లో ఆవిడ సొంత ఆల్బమ్ వస్తే, డౌన్‌బీట్ అనే జాజ్ సంగీత పత్రిక విమర్శకుడు నల్లతనాన్నే వృత్తిగా చేసుకుందని రాశాడు. గొడవ పెద్దదై మరుసటి ఏడాది ఆ పత్రికే చర్చ పెట్టాల్సి వచ్చింది. ఆ తర్వాత పదేళ్లకు పైగా ఆవిడ పేరు మీద ఇంకో ఆల్బమ్ లేదు.

పిన్ని: అంతా ఒక్క రివ్యూ వల్లే అంటావా?

సుమ: అనను. అరిచిన ఆడదానికి ఏం దొరుకుతుందో మాత్రం తెలుస్తుంది. సరే, మగాడి ప్రసక్తే లేనిది చెప్తా. 1980, న్యూయార్క్‌లో నల్లజాతి కళాకారుల కోసం నడిచే గ్యాలరీ, జస్ట్ అబవ్ మిడ్‌టౌన్. లొరెయిన్ ఓ'గ్రేడీ అనే నల్లజాతి కళాకారిణి అక్కడికి పిలవకుండానే వెళ్లింది. 180 జతల తెల్ల గ్లౌజులతో కుట్టిన గౌను, తలమీద కిరీటం, చేతిలో తెల్ల చామంతులు చుట్టిన కొరడా. పూలన్నీ అతిథులకి పంచేసి, మిగిలిన కొరడాతో తన్ను తనే కొట్టుకుంది. నల్లవాళ్ల కళ ఇంకా తెగించాలని కవిత అరిచి వెళ్లిపోయింది.

పిన్ని: తన వాళ్ల మీదేనా కోపం?

సుమ: ముందు వాళ్ల మీదే. తెల్లవాళ్లు మెచ్చేలా మర్యాదగా బొమ్మలేస్తున్నారని. మరుసటి ఏడాది న్యూ మ్యూజియంలో అందరూ తెల్లవాళ్లే ఉన్న ప్రదర్శనకీ అదే గౌనుతో వెళ్లింది. ఆ మ్యూజియమే ఆవిడని బడి పిల్లలకి పాఠాలు చెప్పడానికి పిలిచి ఉంది. ఆ రాత్రి తర్వాత పిలుపు రద్దు.

పిన్ని: (నవ్వి) నేనూ పిల్లలకి పాడేటప్పుడు మొహం చిట్లించొద్దని చెప్పేదాన్నిలే. అయినా చూసింది ఎంతమంది? మన్‌హట్టన్‌లో నలుగురు. బ్రూక్లిన్ మ్యూజియం ఆవిడ పని మొత్తం ఒకచోట పెట్టేసరికి 2021 వచ్చింది.

సుమ: ఇప్పటివాళ్లు గ్యాలరీ బయటికీ వచ్చారు. మూర్ మదర్ అనే పేరుతో కవిత్వాన్నీ రొదనీ కలిపే కెమే అయేవా, లాయర్ రషీదా ఫిలిప్స్‌తో కలిసి ఉత్తర ఫిలడెల్ఫియాలో ఓ గది తెరిచింది. కూల్చివేతలు నడుస్తున్న పేట అది. అక్కడివాళ్ల జ్ఞాపకాలు వాళ్ల నోటితోనే చెప్పించి రికార్డు చేశారు.

పిన్ని: అది మంచి పని. కానీ మంచి పని చేసినంత మాత్రాన రొద సంగీతమైపోదు. బెస్సీ స్మిత్‌ని వినడానికి నాకు ఎవరూ వివరించక్కర్లేదు. నువ్వు ఇందాకట్నుంచీ వివరిస్తూనే ఉన్నావు.

సుమ: వివరణ కావాల్సింది మనకి పిన్నీ. ఆ గ్యాలరీలో ఉన్నవాళ్లకి తెల్ల గ్లౌజులంటే ఏంటో ఎవరూ చెప్పనక్కర్లేదు. పరువైన ఇంటి పిల్లలా కనబడాలని వాళ్లమ్మలు తొడిగినవే అవి.