మొదటి జీతం ఎవరిది?

మా బాబాయి కూతురికి మాదాపూర్‌లో ఉద్యోగం వచ్చింది. మొదటి నెల చేతికి అందింది 22,000. మొత్తం డ్రా చేసి, కవరులో పెట్టి, పైన 'ప్రథమ ఫలం' అని రాసి ఆదివారం చర్చిలో కానుక పెట్టెలో వేసింది. ఆ మధ్యాహ్నం వారాసిగూడలో వాళ్లింట్లో భోజనాల దగ్గర పెద్ద రభసే అయింది. "దశమ భాగం ఇస్తే దేవుడు వద్దంటాడా?" అని మామయ్య. "పాస్టర్‌గారి కారుకు డీజిల్ పోయించావు పో" అని ఆయన కొడుకు. ఆ పిల్ల మాత్రం పప్పు వడ్డించుకుంటూ నవ్వుతూనే ఉంది. ఇచ్చినందుకంటే ఆ నవ్వుకే వాళ్లకు ఎక్కువ ఒళ్లు మండిందని నా అనుమానం.

మన క్రైస్తవ కుటుంబాల్లో మొదటి జీతం ఇవ్వడం కొత్త సంగతేం కాదు. ఊళ్లో మొదటి కాపు, కోత పండుగ నాడు మోసుకొచ్చే గుమ్మడికాయలు, కోడిపుంజులు సిటీకి వచ్చేసరికి జీతం కవరుగా మారాయి. విమర్శ కూడా అంతే పాతది. బేతనియలో మరియ అచ్చ జటామాంసి అత్తరు యేసు పాదాలకు పూసినప్పుడు, 300 దేనారాలకు అమ్మి బీదలకు ఎందుకివ్వలేదని శిష్యుల్లో ఒకడైన ఇస్కరియోతు యూదా అడిగాడు. దేనారమంటే ఒక రోజు కూలి. మన అడ్డా మీద కూలి 800 అనుకున్నా రెండు లక్షల నలభై వేలు. నిజం చెప్పాలంటే, ఈ లెక్క వేసినప్పుడల్లా యూదా అడిగింది సబబే కదా అనిపిస్తుంది. డబ్బు సంచి అతని దగ్గరే ఉండేదనీ, అందులోంచి కాజేసేవాడనీ ఆ వెంటనే సువార్తలో యోహాను రాయకపోయి ఉంటే నేను అతని వైపే ఉండేవాణ్ని.

"బీదలు ఎల్లప్పుడు మీతో ఉంటారు" అని అక్కడ యేసు ఇచ్చిన జవాబును, బీదల సంగతి తర్వాత చూద్దామన్నట్టు వాడేవాళ్లున్నారు. ఆ మాట మూలం పాత నిబంధనలో, ద్వితీయోపదేశకాండం 15వ అధ్యాయంలో ఉంది. బీదలు దేశంలో ఉండకమానరు, అందుచేత నీ చెయ్యి చాపు అని అక్కడి ఆజ్ఞ. సగం వాక్యంతో సరిపెట్టుకుంటే ఎవరికైనా సుఖమే.

మెదక్ చర్చి చూసినప్పుడు కూడా యూదా ప్రశ్న వేయొచ్చు. 1914లో పని మొదలై, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది. కరువు రోజుల్లో అంత పెద్ద గుడి ఎందుకు? దాన్ని కట్టించిన మిషనరీ పోస్నెట్ దొర ఆకలితో ఉన్నవాళ్లకు ఊరికే పెట్టకుండా పని చూపించి తిండి పెట్టాడనీ, ఆ పనే ఈ గుడి అనీ అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. అక్కడ అత్తరూ బీదల అన్నమూ ఒకే ఖాతాలో పడ్డాయి. అన్నిచోట్లా అలా కుదరదు, అది వేరే విషయం.

తనకున్న రెండు కాసులూ దేవాలయం కానుక పెట్టెలో వేసి, యేసు మెప్పు పొందిన బీద విధవరాలి కథ మరీ ఇరకాటం. కానుకల ఆదివారం వచ్చిందంటే ప్రసంగం ఆమె మీదే. కానీ మార్కు సువార్తలో ఆ కథకు ముందున్న మాటలు చదవండి: ధర్మశాస్త్రం బోధించే శాస్త్రులు విధవరాండ్ర ఇళ్లు దిగమింగుతున్నారని యేసు మండిపడుతున్నాడు. కథ అయిపోగానే, ఈ దేవాలయంలో రాయి మీద రాయి నిలవదంటాడు. అంటే ఆమెను మెచ్చుకున్నాడు, ఆ పెట్టె పెట్టినవాళ్లను మెచ్చుకోలేదు. మన దగ్గర ఈ రెండింటినీ కలిపేస్తున్నాం. టీవీలో క్యూఆర్ కోడ్ చూపించి "విత్తనం వేయండి, నూరంతలు కోయండి" అనే ప్రసంగీకుణ్ని ఏమీ అనలేక, ఇచ్చిన ఆడపిల్లను పట్టుకుని పిచ్చిదానివంటాం. నూరంతలు వస్తుందని ఇచ్చేది చిట్టీ అవుతుంది గానీ కానుక ఎలా అవుతుంది?

అపొస్తలుడైన పౌలును చూడండి. యెరూషలేములోని బీదల కోసం చందా పోగుచేశాడు. మాసిదోనియ సంఘాలవాళ్లు కటిక పేదలు, అయినా మాకూ ఇందులో పాలివ్వమని బతిమాలి మరీ శక్తికి మించి ఇచ్చారు. వద్దని వాళ్లను ఆపలేదాయన. "ఉత్సాహముగా ఇచ్చువానిని" దేవుడు ప్రేమిస్తాడని రాసిందీ, సణుగుతూ బలవంతంగా ఇవ్వొద్దన్నదీ ఆ చందా గురించే. అయితే ఆ డబ్బు మోసుకెళ్లడానికి సంఘాలు ఎన్నుకున్న మనిషిని వెంట పెట్టుకున్నాడు, ఇంత పెద్ద మొత్తం విషయంలో ఎవరూ తన మీద తప్పు మోపకూడదని. అపొస్తలుడే లెక్క అప్పజెప్పాడు. మన దగ్గర చర్చి వ్యవహారాలు చూసే పాస్టరేట్ కమిటీ వార్షిక సమావేశంలో లెక్కలు చదువుతుంటే సగం మంది బిర్యానీ లైన్లో ఉంటారు. మా మామయ్యతో సహా.

ఒక్క అభ్యంతరానికి మాత్రం నేను తల వంచుతాను. అమ్మానాన్నలకు చేయాల్సింది 'కొర్బాను' అని, అంటే దేవునికి అర్పితమని చెప్పి తప్పించుకునేవాళ్లను యేసే తిట్టాడు. అందుకే ఆ సాయంత్రం పిన్నిని పక్కకు పిలిచి అడిగాను. "నాకు ముందే చెప్పింది రా, రెండో జీతం నాదే" అంది.

బస్ పాస్‌కీ టిఫిన్‌కీ మాత్రం "అన్నయ్యా, వచ్చే నెల ఇచ్చేస్తా" అని నా దగ్గర రెండు వేలు పట్టుకెళ్లింది. సంగతి మామయ్యకు తెలిసి పగలబడి నవ్వాడు. "అంటే ఆ కవరులో రెండు వేలు నీవేరా! అది పేరు రాయడం మర్చిపోయింది" అన్నాడు.